ఫ్యాటీ లివర్ ఉంటే చేప ఎలా తినాలి?

కడుపు స్కానింగ్ రిపోర్టులో "గ్రేడ్ 2 ఫ్యాటీ లివర్" అని వచ్చిందని చెబితే, విశాఖపట్నంలో ఎవరైనా ఇచ్చే మొదటి సలహా ఒకటే: "మటన్ మానెయ్, చేపలు తిను." నాకూ అదే చెప్పారు. మూడు నెలలపాటు వారానికి ఐదు రోజులు చేప తిన్నాను. మళ్ళీ రక్త పరీక్ష చేయిస్తే, లివర్ దెబ్బతింటే పెరిగే ఎస్‌జీపీటీ 58 నుంచి 64కి పెరిగింది, బరువు రెండు కిలోలు ఎక్కింది.

తప్పు చేపది కాదు. కోనం (వంజరం) ముక్కలకు కారం, మైదా పట్టించి మూకుడు నిండా నూనెలో వేయించుకుని, పక్కన ఎప్పటిలాగే కొండంత అన్నం పెట్టుకుని తిన్నాను. కూర, ఆకుకూర ఆ రోజుల్లో పళ్ళెంలోకి రావడమే మానేశాయి. చేప ఉంది కదా, ఇంకా కూరెందుకు అనుకునేవాణ్ణి. చేపను మందు బిళ్ళ అనుకున్నాను. అది బిళ్ళ కాదు. అది దేని బదులు వచ్చింది, దాని పక్కన ఏముంది అన్నదాన్ని బట్టే లివర్‌కు మేలో కీడో జరుగుతుంది. నేను మూడు నెలలు పోగొట్టుకుని నేర్చుకున్నది మీరు పోగొట్టుకోకుండా నేర్చుకుంటారని ఇది రాస్తున్నాను.

ముందు రిపోర్టు చదవడం

లివర్ కణాల్లో ఐదు శాతానికి మించి కొవ్వు చేరితే ఫ్యాటీ లివర్ అంటారు. తాగేవాళ్ళకే వస్తుందన్నది పాత మాట. మన దేశంలో పెద్దవాళ్ళలో మూడింట ఒకరికి పైనే ఇది ఉందని 2022లో ఎయిమ్స్ వైద్యులు పాత అధ్యయనాలన్నీ కలిపి లెక్క తేల్చారు. కాబట్టి రిపోర్టు చూసి సిగ్గుపడక్కర్లేదు, అలాగని "అందరికీ ఉండేదేలే" అని డ్రాయర్లో పడేయకూడదు.

స్కానింగులో రాసే గ్రేడ్ కొవ్వు ఎంత ఉందో సుమారుగా చెబుతుంది. లివర్ గట్టిపడుతోందా, మచ్చలు పడుతున్నాయా అన్నది దాన్ని బట్టి తెలియదు. భయపడాల్సింది ఆ గట్టిపడటానికే. దీనికి ఇంట్లోనే కాగితం మీద వేసుకోగల లెక్క ఒకటుంది, డాక్టర్లు ఫిబ్-4 అంటారు. కావాల్సినవి నాలుగే, వయసు తప్ప మిగతావి రక్త పరీక్ష రిపోర్టులోనే ఉంటాయి: వయసు, ఎస్‌జీఓటీ, ఎస్‌జీపీటీ, ప్లేట్‌లెట్లు.

నా లెక్కే చూడండి. వయసు 48, ఎస్‌జీఓటీ 45. రెండూ గుణిస్తే 2160. ప్లేట్‌లెట్లు 2.2 లక్షలు, లెక్కలో దాన్ని 220గా తీసుకోవాలి. ఎస్‌జీపీటీ 64, దాని వర్గమూలం 8. 220ని 8తో గుణిస్తే 1760. ఇప్పుడు 2160ని 1760తో భాగిస్తే 1.23 వస్తుంది. 1.3 లోపుంటే గట్టిపడే ప్రమాదం ప్రస్తుతానికి తక్కువని అర్థం. 2.67 దాటితే ఆలస్యం చేయకుండా లివర్ డాక్టర్ దగ్గరికి వెళ్ళాలి. మధ్యలో ఉంటే లివర్ గట్టిదనాన్ని కొలిచే ఫైబ్రోస్కాన్ చేయించమంటారు. 65 దాటినవాళ్ళకు కింది గీత 1.3 కాదు, 2.0. ఈ లెక్క అందరికీ సరిపోదు, బాగా చిన్న వయసువాళ్ళకు తప్పుగా వస్తుంది. కానీ ఒక్క పైసా ఖర్చు లేకుండా మన సంగతి కొంతైనా తెలుస్తుంది.

నడుము కూడా కొలుచుకోండి, బొడ్డు మీదుగా, ఊపిరి బిగపట్టకుండా. మన భారతీయులకు మగవాళ్ళయితే 90 సెంటీమీటర్లు, ఆడవాళ్ళయితే 80 దాటకూడదు. బరువు మామూలుగా ఉన్నా పొట్ట ఉంటే లివర్‌లో కొవ్వు ఉండొచ్చు.

చేప లోపలికెళ్ళాక ఏం జరుగుతుంది

ఈ భాగం కాస్త ఓపిగ్గా చదవండి. ఇది అర్థమైతే మిగతాదంతా ఎవరూ చెప్పక్కర్లేకుండా మీకే తడుతుంది.

పేగుల్లోంచి వచ్చే రక్తం నేరుగా గుండెకు పోదు. పోర్టల్ సిర అనే నాళంలోంచి ముందు లివర్‌కు వెళుతుంది. లివర్‌కు అందే రక్తంలో దాదాపు నాలుగింట మూడు వంతులు ఈ దారినే వస్తుంది. వంటింట్లో పోపు మాడితే ఘాటు ముందు పక్క గదికే తగిలినట్టు, పేగుల్లో బ్యాక్టీరియా ఏం చేసినా మొదట తగిలేది లివర్‌కే. పేగు గోడ బలంగా ఉంటే బ్యాక్టీరియా పెంకుల ముక్కలు లోపలికి రావు. గోడ సడలితే అవి రక్తంలో కలిసి లివర్‌లో వాపు పుట్టిస్తాయి.

2013లో ఫ్రాన్స్ పరిశోధకులు ఒక ప్రయోగం చేశారు. పేగుల్లో సూక్ష్మజీవులే లేకుండా పెంచిన ఎలుకల్లో కొన్నింటికి ఫ్యాటీ లివర్ ఉన్న ఎలుక బ్యాక్టీరియా ఎక్కించారు, కొన్నింటికి ఆరోగ్యంగా ఉన్న ఎలుకది ఎక్కించారు. రెండు గుంపులకూ ఒకే కొవ్వు తిండి పెట్టారు. మొదటి గుంపు లివర్లోనే కొవ్వు ఎక్కువ చేరింది. 2019లో చైనా నుంచి వచ్చిన సంగతి ఇంకా వింత. ఒకాయన చుక్క ముట్టకుండానే తూలిపోయేవాడు, లివర్ బాగా పాడైంది. ఆయన పేగుల్లో క్లెబ్సియెల్లా అనే బ్యాక్టీరియా తిన్న పిండి పదార్థాన్ని సారాగా మారుస్తోందని తేలింది. అక్కడ పరీక్షించిన ఫ్యాటీ లివర్ రోగుల్లో దాదాపు 60 శాతం మందిలో సారా కాచే అలాంటి బ్యాక్టీరియా కనిపించింది. అందరిలోనూ అంత ఘోరంగా కాదు. అయినా అన్నం గుట్ట చూసినప్పుడల్లా నాకు ఆయనే గుర్తొస్తాడు.

ఇక చేప. పచ్చి చేప 100 గ్రాముల్లో 18 నుంచి 20 గ్రాముల ప్రొటీన్ ఉంటుంది. అందులో రెండు మూడు సంగతులు లివర్‌కు పనికొస్తాయి.

ఒకటి టారిన్, అమైనో ఆమ్లం లాంటి చిన్న పదార్థం. లివర్ పైత్యరసాన్ని తయారు చేసేటప్పుడు దాన్ని టారిన్‌తోనో గ్లైసిన్‌తోనో జత కడుతుంది. చేపలో ఈ రెండూ ఉంటాయి. ప్రయోగశాలలో చేప ప్రొటీన్ పెట్టిన ఎలుకల మలంలో పైత్యరసం ఎక్కువగా బయటికి పోయింది, లివర్‌లో కొలెస్ట్రాల్, కొవ్వు తగ్గాయి. పైత్యరసం పోతే లివర్ కొత్తది చేసుకోవాలి, దానికి కొలెస్ట్రాలే ముడిసరుకు. పైత్యరసాన్ని విడదీసేది మళ్ళీ పేగు బ్యాక్టీరియానే. అంటే చేప, పైత్యరసం, బ్యాక్టీరియా ఈ మూడూ ఒకే గొలుసులో ఉన్నాయి.

రెండోది కోలిన్ అనే పోషకం. లివర్‌లో కొవ్వు బయటికి పోవాలంటే బస్తాల్లో కట్టి రక్తంలోకి పంపాలి. ఆ బస్తా గుడ్డ నేయడానికి కోలిన్ కావాలి. కోలిన్ లేని తిండి పెడితే ఎలుకలకు కొద్ది వారాల్లోనే ఫ్యాటీ లివర్ వస్తుంది. చేపలోనూ గుడ్డులోనూ ఇది బాగా దొరుకుతుంది.

చేప అంటే అందరూ ఒమేగా-3 నూనె అనే అంటారు. అది నిజమే, రక్తంలోని ట్రైగ్లిజరైడ్లనే కొవ్వును తగ్గిస్తుంది, లివర్ కొవ్వునూ కొంత తగ్గిస్తుంది. కానీ మచ్చ పడ్డ లివర్‌ను చేప నూనె బిళ్ళలు బాగు చేస్తాయని పరీక్షల్లో తేలలేదు, కాబట్టి ఖరీదైన డబ్బాలు కొనడానికి పరుగెత్తకండి. నూనె లేని చేప ప్రొటీన్‌కు కూడా సొంత పని ఉందనడానికి నార్వేలో ఒక పరీక్ష జరిగింది, 2015లో ప్రచురించారు. ఆరోగ్యంగా ఉన్న 20 మందికి నాలుగు వారాలు కొవ్వు తక్కువ ఉన్న చేపలు, ఇంకో నాలుగు వారాలు చేప కాని మాంసం, గుడ్లు లాంటివి పెట్టి చూశారు. చేప తిన్న వారాల్లో రక్తంలో ట్రైగ్లిజరైడ్లు తగ్గాయి. ఇరవై మందే, అదీ కొలిచింది రక్తాన్ని, లివర్‌ను కాదు. మనుషుల్లో చేప ప్రొటీన్ గురించి ఇప్పటికున్న ఆధారం ఈ పాటిదే. ఎలుకల్లో చాలా ఉంది, మనుషుల్లో కొద్దిగా ఉంది. "చేప తింటే లివర్ కడిగినట్టు అవుతుంది" అని ఎవరైనా వీడియోలో చెబితే నవ్వి ఊరుకోండి.

ఇప్పుడు రెండో వైపు. పేగు చివరి భాగంలో ఉండే బ్యాక్టీరియాకు పీచు దొరికితే బ్యూటిరేట్ లాంటి ఆమ్లాలు చేస్తుంది. అవే పేగు గోడకు తిండి. పీచు దొరక్కపోతే జీర్ణం కాకుండా మిగిలిన ప్రొటీన్ మీద పడుతుంది. అప్పుడు తయారయ్యేవి అమ్మోనియా, కుళ్ళిన గుడ్డు వాసన వేసే హైడ్రోజన్ సల్ఫైడ్ లాంటివి. చేపలు తిని కూరలు మానేసిన నా మూడు నెలల్లో కడుపుబ్బరం ఎందుకొచ్చిందో అప్పుడు అర్థమైంది. ఇంకో చిక్కు కూడా ఉంది. టారిన్‌ను ఇష్టంగా తినే బైలోఫిలా అనే బ్యాక్టీరియా పాల కొవ్వు ఎక్కువ తిన్న ఎలుకల్లో పెరిగి పేగు వాపు తెచ్చింది. అందుకని చేపను నేతిలో వేయించుకోవడం, చేప తిన్న వెంటనే ఐస్‌క్రీం లాగించడం నేను మానేశాను.

చేప కొనడం

ఫిషింగ్ హార్బర్‌కు వెళ్ళేవాళ్ళు తెల్లవారుజామునే వెళ్ళండి. ఎండెక్కాక ఐస్ కరిగిపోయి, పొద్దున్న మంచి చేప కూడా చెడిపోవడం మొదలవుతుంది. పెద్ద మరబోట్లు సముద్రంలో రోజుల తరబడి ఉంటాయి, వాటి చేప ఐసులో అన్ని రోజులూ ఉన్నట్టే. చిన్న ఫైబర్ బోట్ల చేప ఆ రోజుదో ముందు రాత్రిదో అయి ఉంటుంది. పెద జాలారిపేట ఒడ్డున దొరికేది ఎక్కువగా ఈ రకమే. "ఏ బోటుదమ్మా?" అని అడగడంలో తప్పేం లేదు.

కానాగంతలు, అంటే మ్యాకరెల్, కొనేటప్పుడు నేను మొప్ప ఎత్తి చూస్తాను. లోపల ఎర్రగా, తడిగా ఉండాలి. గోధుమ రంగు తిరిగితే వదిలెయ్యాలి. కన్ను ఉబ్బెత్తుగా, నల్లగా మెరవాలి. పొట్ట మీద బొటనవేలితో నొక్కి తీస్తే గుంట వెంటనే పూడిపోవాలి. మొన్న ఒక పెద్దావిడ నేను మూడోసారి నొక్కుతుంటే, "ఎన్నిసార్లు నొక్కినా ఏటీ నేదు బాబూ, తెల్లారి దిగిన సరుకిది" అని చేపను తలకిందులుగా తోక పట్టుకుని నిలబెట్టింది. చేప కర్రలా బిర్రుగా నిలబడింది. అంతకన్నా పరీక్ష అక్కర్లేదు. తాజా కానాగంత వంగదు.

ఇక్కడ బ్యాక్టీరియా సంగతి మళ్ళీ వస్తుంది. చేప వాసన అంటామే, అది చేప వాసన కాదు. సముద్రపు చేప ఒంట్లో ఉండే ఒక పదార్థాన్ని బ్యాక్టీరియా ట్రైమిథైల్ అమీన్‌గా మార్చేస్తుంది, ఆ కంపే మనకు తెలిసేది. తాజా చేపకు సముద్రం వాసన తప్ప కంపు ఉండదు. కానాగంత, కవళ్ళు అంటే సార్డీన్, సూర అంటే ట్యూనా, వీటిలో ఇంకో ప్రమాదం ఉంది. ఐస్ లేకుండా వదిలేస్తే బ్యాక్టీరియా హిస్టమిన్ తయారు చేస్తుంది. తిన్న కాసేపటికి ముఖం ఎర్రబడి, దద్దుర్లొచ్చి, తల పగిలిపోతుంది. ఎంత ఉడికించినా హిస్టమిన్ పోదు. చాలామంది "నాకు కానాగంత పడదు" అంటారు. వాళ్ళలో కొందరికి పడనిది ఆ చేప కాదు, ఐస్ పెట్టని బుట్ట. హార్బర్ నుంచి ఇల్లు దూరమైతే మూత ఉన్న డబ్బాలో ఐస్ వేసుకుని తెచ్చుకోండి.

చేప చెడిపోకుండా ఫార్మాలిన్ అనే విష రసాయనం కలిపారన్న భయం ఉంటే కొచ్చిలోని కేంద్ర మత్స్య సాంకేతిక సంస్థ, సిఫ్ట్, 2018లో చిన్న పరీక్ష కిట్ తెచ్చింది. చేప మీద కాగితం రుద్ది, ద్రావణం చుక్క వేసి రంగు చూడటమే. ఈగలు వాలడం లేదు కాబట్టి ఫార్మాలిన్ కలిపారన్న లెక్క మాత్రం నమ్మకండి. ఐసు మీద ఉన్న చేప మీదా ఈగలు పెద్దగా వాలవు.

ఏ చేప? ఖరీదైనదే కావాలని లేదు. కోనం, చందువ రుచికి గొప్పవే. కానీ లివర్ కోసమైతే కవళ్ళు, కానాగంతలు, నెత్తళ్ళు చౌకగా దొరుకుతాయి, ప్రొటీన్‌తో పాటు ఒమేగా-3 ఎక్కువ, చిన్న చేపలు కాబట్టి పాదరసం తక్కువ. సొర లాంటి పెద్ద చేపల్లో పాదరసం పేరుకుంటుంది. గర్భిణులు, చిన్నపిల్లలు వాటికి దూరంగా ఉండాలి. యూరిక్ యాసిడ్ ఎక్కువున్నవాళ్ళు మాత్రం కవళ్ళు, నెత్తళ్ళు, రొయ్యలు తగ్గించి, పండుగప్ప లాంటిది తీసుకోండి. ఫ్యాటీ లివర్ ఉన్నవాళ్ళలో యూరిక్ యాసిడ్ కూడా పెరిగి ఉండటం మామూలే, ఒకసారి చూపించుకోండి.

వండటం

పులుసు పెట్టండి. మన అమ్మమ్మలకు టారిన్ పేరు తెలియదు కానీ పులుసు పెట్టి మంచి పని చేశారు. టారిన్ నీళ్ళలో కరిగిపోతుంది. ఉడికించిన నీళ్ళు పారబోస్తే అదీ పోతుంది. పులుసులో అది ఎక్కడికీ పోదు, అన్నంలో కలుపుకుని తినేస్తాం. చింతపండు పులుపు ఆ ట్రైమిథైల్ అమీన్‌ను గాల్లోకి లేవకుండా పట్టేస్తుంది, అందుకే పులుసులో నీచు వాసన రాదు.

నలుగురికి సరిపడా, కిలో కానాగంతలకు:

పొట్ట చీల్చి లోపలివన్నీ, మొప్పలు తీసేసి, ఉప్పు, పసుపు వేసి రెండు మూడు నీళ్ళలో కడగండి. నిమ్మకాయంత చింతపండు నానబెట్టండి. వెడల్పు గిన్నెలో నూనె రెండు టేబుల్ స్పూన్లు, అంతే. స్పూనుతో కొలవండి, సీసాతో పోయకండి. ఒక్క టేబుల్ స్పూన్ నూనె దాదాపు 120 క్యాలరీలు. నేను సీసాతో పోసే రోజుల్లో కొలిస్తే ఒక పులుసుకు ఎనిమిది స్పూన్లు పోస్తున్నానని తేలింది. మా ఆవిడకు చెబితే నమ్మలేదు, తనతో కొలిపించాను. తను తొమ్మిది పోసింది.

ఉల్లి, పచ్చిమిర్చి, మెంతులు, కరివేపాకు మగ్గాక కారం, ధనియాల పొడి, చింతపండు రసం వేసి మరిగించండి. పులుసు చిక్కబడ్డాకే చేప ముక్కలు వేయాలి. ముందే వేస్తే చిదికిపోతాయి. గరిటె పెట్టకుండా గిన్నె పట్టుకుని అటూ ఇటూ తిప్పండి. పది, పన్నెండు నిమిషాలు చాలు. ఇందులో వంకాయో బెండకాయో పడేస్తే పీచు కూడా వచ్చినట్టే. నేను నాలుగు బెండకాయలు పొడుగ్గా కోసి వేస్తాను, చేపకన్నా ముందు అవే అయిపోతాయి.

వేపుడు లేకపోతే ముద్ద దిగదంటే, మందపాటి పెనం మీద ఒక టీస్పూన్ నూనె రాసి కాల్చుకోండి. కారం, నిమ్మరసం, అల్లంవెల్లుల్లి పట్టించి అరగంట ఉంచితే రుచికి లోటుండదు. మైదా, కార్న్‌ఫ్లోర్ పూత వద్దు, అది నూనె పీల్చే స్పాంజి. బీచ్ రోడ్డు బండి మీద వేపుడు చేప గురించి నేనేం చెప్పను, నూనె రంగు మీరే చూస్తున్నారు కదా.

చేప తిన్నాక పెరుగు తింటే బొల్లి వస్తుందని మా అమ్మ ఇప్పటికీ పెరుగు గిన్నె లాక్కుంటుంది. దానికి ఆధారం లేదు. మజ్జిగ హాయిగా తాగండి. అమ్మ ఎదురుగా మాత్రం తాగకండి.

పళ్ళెం సర్దుకోవడం

ఇక్కడే నేను మొదట తప్పాను, కాబట్టి కొలతలతో చెబుతాను.

పళ్ళెంలో ముందు కూరలు వడ్డించుకోండి, సగం నిండాలి. తోటకూర, బచ్చలి, గోరుచిక్కుడు, ఆనపకాయ, ఏదైనా సరే. తర్వాత చేప, ఎముకలు తీసేస్తే అరచేయంత, 100 నుంచి 120 గ్రాములు. ఆఖరున అన్నం, ఒక కప్పు. వండిన అన్నం 150 గ్రాములంటే సుమారు 200 క్యాలరీలు. నేను అంతకుముందు తినేది మూడున్నర కప్పులు. ఒక్కరోజులో తగ్గించలేదు, వారానికి అరకప్పు చొప్పున తగ్గించాను. ముందు అన్నం వడ్డించుకుంటే కూరకు చోటు మిగలదు. వడ్డించే వరస మారిస్తేనే సగం పని అయిపోతుంది.

పొద్దున్న చోడి (రాగి) అంబలి తాగేవాళ్ళు మానకండి. చోళ్ళలో పీచు ఉంది, పులిస్తే ఇంకా మంచిది. చక్కెర మాత్రం కలపొద్దు. బ్యాక్టీరియాకు రకరకాల పీచు కావాలి, రోజూ ఒకే తోటకూర తినేకన్నా వారంలో పది రకాలు తినడం మేలు. ఉలవలు, పెసలు, అలసందలు కూడా ఇందులోకే వస్తాయి. ఎంవీపీ కాలనీ రైతుబజార్లోనో సీతమ్మధారలోనో ఒక చుట్టు తిరిగితే సంచి నిండుతుంది.

చేప వారానికి రెండు మూడు సార్లు చాలు. నా వారం ఇలా ఉంటుంది: ఆదివారం కానాగంతల పులుసు, బుధవారం పెనం మీద కాల్చిన ఏదో ఒక చేప, చింతచిగురు దొరికే రోజుల్లో శుక్రవారం నెత్తళ్ళు చింతచిగురు. మిగతా రోజుల్లో పప్పు, గుడ్లు, ఉలవచారు. చేప రోజున మటన్, చికెన్ వద్దు. మటన్ బిర్యానీ తిని పైన చేప ముక్క తింటే అది చేప తిన్నట్టు కాదు.

టీలో చక్కెర, కూల్‌డ్రింకులు, పళ్ళరసాలు చేప కన్నా ముందు చూడాల్సినవి. చక్కెరలోని ఫ్రక్టోజ్‌ను లివర్ సులువుగా కొవ్వుగా మార్చేస్తుంది. టీ నాలుగుసార్లు తాగుతూ ఒక్కోదానికి రెండు స్పూన్లు వేసుకుంటే రోజుకు ఎనిమిది స్పూన్లు. కాఫీ మాత్రం లివర్‌కు మంచిదే, కాఫీ తాగేవాళ్ళలో లివర్ గట్టిపడటం తక్కువని చాలా దేశాల్లో చూశారు. అరకు కాఫీ మన పక్కనే పండుతోంది. చక్కెర లేకుండా రెండు కప్పులు తాగండి. మొదటి వారం చేదుగానే ఉంటుంది.

కషాయాల జోలికి పోకండి. కోవిడ్ రోజుల్లో తిప్పతీగ కషాయం తాగి లివర్ దెబ్బతిన్నవాళ్ళ గురించి 2021లో ముంబయి డాక్టర్లు రాశారు. "లివర్ క్లీన్ చేసే పొడి" అని అమ్మేదేదైనా ముందు మీ డాక్టరుకు చూపించండి.

వేట ఆపిన రోజుల్లో

ప్రతి ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు, 61 రోజులు, తూర్పు తీరంలో మరబోట్ల వేట ఆపేస్తారు. చేపలు గుడ్లు పెట్టే కాలమది. అప్పుడు హార్బర్ బోసిపోతుంది, దొరికే కాస్త సముద్రపు చేప ధర రెట్టింపవుతుంది, లేదా ఎప్పటిదో కోల్డ్ స్టోరేజీ సరుకు వస్తుంది. ఈ రెండు నెలలూ గోదావరి జిల్లాల చెరువుల నుంచి వచ్చే బొచ్చె, శీలావతి కొనుక్కోండి. ఒమేగా-3 సముద్రపు చేపంత ఉండదు, ప్రొటీన్‌లో పెద్ద తేడా లేదు.

ఎండు చేపల జోలికి మాత్రం ఎక్కువ పోవద్దు. ఫ్యాటీ లివర్ ఉన్నవాళ్ళలో బీపీ కూడా ఉండటం మామూలు, ఉప్పు చేప బీపీకి పెట్రోలు. ఎప్పుడైనా తినాలనిపిస్తే గంటసేపు నీళ్ళలో నానబెట్టి, ఆ నీళ్ళు పారబోసి, వంకాయల్లో వేసి వండండి, విడిగా ఉప్పు వేయకుండా.

డాక్టర్ని అడక్కుండా చేయకూడనివి

కిడ్నీ జబ్బు ఉన్నవాళ్ళు ప్రొటీన్ ఎంత తినాలో డాక్టర్ని అడిగి తేల్చుకోవాలి. లివర్ ఇప్పటికే సిరోసిస్, అంటే మచ్చలు పడి బాగా గట్టిపడే దశ, దాకా వెళ్ళినవాళ్ళు పచ్చివి, సగం ఉడికినవి సముద్రపు గుల్లలు, పీతలు ముట్టకూడదు. వాటిలో ఉండే విబ్రియో అనే బ్యాక్టీరియా వాళ్ళకు ప్రాణం మీదికి తెస్తుంది. కళ్ళు పచ్చబడినా, కాళ్ళు, పొట్ట ఉబ్బినా, నల్లటి విరేచనం అయినా ఇలాంటివి చదువుతూ కూర్చోకుండా ఆసుపత్రికి వెళ్ళండి.

మళ్ళీ పరీక్ష

ఆరు నెలలకు ముందు స్కానింగ్ చేయించకండి, డబ్బు దండగ. రక్త పరీక్ష మూడు నెలలకు చాలు, అదీ మొదట చేయించిన ల్యాబులోనే. ల్యాబు మారితే అంకెలు మారతాయి. నేను ఒకసారి మార్చి, ఎస్‌జీపీటీ ఒక్కసారిగా పడిపోయిందని స్వీట్లు పంచాను. తర్వాత పాత ల్యాబులో చూపిస్తే అంత పడలేదు.

అసలు కొలత బరువు. ఉన్న బరువులో ఐదు శాతం తగ్గితే లివర్ కొవ్వు తగ్గుతుంది. ఏడు నుంచి పది శాతం తగ్గితే వాపు కూడా తగ్గుతుంది. 80 కిలోల మనిషికి ఏడు శాతమంటే 5.6 కిలోలు. నెలకు కిలో చొప్పున తగ్గితే ఆరు నెలల్లో అవుతుంది. మరీ వేగంగా, ఉపవాసాలు ఉండి తగ్గితే పిత్తాశయంలో రాళ్ళు రావచ్చు.

నడక ఎలాగూ చేయాలి, పొద్దున్న ఆర్‌కే బీచ్ ఒడ్డున అరగంట నడిస్తే చాలు. నేను నడిచేది మాత్రం హార్బర్ వైపు, ఆదివారాలు సంచి పట్టుకుని. ఏడు నెలలకు నా ఎస్‌జీపీటీ పాత ల్యాబులోనే 38కి వచ్చింది, నడుము 101 నుంచి 94కి దిగింది. ఇంకో నాలుగు సెంటీమీటర్లు మిగిలాయి. కోనం వేపుడు నెలకొకసారి తింటున్నాను, మూకుడులో కాదు, పెనం మీద.